పాత అద్దే ఇస్తాం, ఇల్లు మాత్రం కదలం

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో గ్లాస్గో నగరపాలక సంస్థ చిన్న ఇళ్ల తలుపులకు ఒక రేకు బిళ్ల కొట్టించేది. బిళ్ల మీద రెండే సంగతులుండేవి: ఆ ఇంట్లో ఎన్ని ఘనపుటడుగుల చోటుంది, అందులో ఎంతమంది పెద్దవాళ్లు పడుకోవచ్చు. పిల్లలు ఇద్దరైతే ఒక పెద్దమనిషి కింద లెక్క. మొత్తం చోటు 2,000 ఘనపుటడుగులకు మించని ఇళ్లన్నిటికీ ఈ ఏర్పాటు. రాత్రి బాగా పొద్దుపోయాక శానిటరీ ఇన్‌స్పెక్టర్లు లాంతర్లు పట్టుకొని వచ్చి, తలుపు కొట్టి, తలలు లెక్కపెట్టేవాళ్లు. లెక్కకు మించినవాళ్లు అలమరల్లోనూ మంచాల కిందా దాక్కునేవాళ్లు, కొందరు ఇంటి కప్పు మీదికి ఎక్కేవాళ్లు. దొరికితే కేసు. ఇరుకు ఇల్లు కట్టినవాడి మీద కాదు, అందులో ఇరుక్కొని పడుకున్నవాడి మీద.

ఇలాంటి ఒంటిగది ఇంటిని అక్కడివాళ్లు సింగిల్ ఎండ్ అంటారు. గోడలోకి తొలిచిన గూడులాంటి చోట మంచం, ఒక పక్క ఇనప పొయ్యి, కిటికీ కింద పంపూ తొట్టీ, బొగ్గుల పెట్టె కూడా ఆ గదిలోనే. కాస్త నయమైన సంసారాలకు ఒక గదీ ఒక వంటిల్లూ. మరుగుదొడ్డి మెట్ల మలుపులో ఉండేది, చుట్టుపక్కల కాపురాలన్నిటికీ కలిపి. ఇసకరాతితో మూడు నాలుగు అంతస్తులు లేపిన ఈ టెనిమెంట్లలోనే నగరంలో ఎక్కువమంది బతికేవాళ్లు. 1911 జనాభా లెక్కల ప్రకారం స్కాట్లండ్ జనంలో 47.9 శాతం ఒకటి రెండు గదుల ఇళ్లలో ఉన్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ లెక్క 7.1 శాతమే. గ్లాస్గోలో 60 శాతం దాటింది.

వీధిలోంచి లోపలికి పోయే నడవనూ మెట్లనూ కలిపి క్లోజ్ అంటారు. వెనక బట్టలారేసుకునే పెరడు, అందులో పెద్ద బాయిలరున్న ఉతుకుడు గది. ఆ గది ఏ రోజు ఎవరిదో వంతు. మెట్లు ఎవరు కడగాలో వంతు. వంతు తప్పితే తగాదా, ఒంట్లో బాగాలేనివాళ్ల వంతు పక్కవాళ్లు చేసిపెట్టడమూ మామూలే. ఈ వంతుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, 1915లో గ్లాస్గో ఆడవాళ్లు లండన్ సర్కారు చేత అద్దె చట్టం చేయించారంటే ఎక్కువ భాగం ఈ అలవాటు చలవే.

ఇంటి ఓనర్లు అందరూ కుబేరులేమీ కారు. దుకాణదార్లు, చిన్న కాంట్రాక్టర్లు, భర్త వదిలివెళ్లిన ఆస్తి మీద బతికే వితంతువులు, ఇలాంటివాళ్లు చాలామంది. ఆ ఇళ్ల మీద అప్పులూ ఎక్కువే. అద్దెకున్నవాళ్లలో చాలామందికి ఓనరు మొహం తెలియదు. వాళ్లకు తెలిసిన మొహం ఫ్యాక్టరుది. ఇల్లు అద్దెకిచ్చేది, వసూలు చేసేది, మరమ్మతుకు సొమ్ము లేదని చెప్పేది, ఖాళీ చేయించేది అతనే. కమిషన్ మీద పనిచేసే ఏజెంటు కాబట్టి జాలి పడితే నష్టం అతనికే. పైగా స్కాట్లండ్ చట్టంలో అద్దె బాకీకి అద్దెదారు ఇంట్లోని సామాను మీద ఓనరుకు మొదటి హక్కుండేది. కోర్టు అమీనాలు వచ్చి బల్లా కుర్చీ జప్తు చేసి అక్కడే వేలం వేసేవాళ్లు.

1911లో ఒక చట్టం వచ్చింది. విచిత్రం ఏమిటంటే దాన్ని అడిగింది కార్మిక సంఘాలే. అంతకు ముందు ఇల్లు కావాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే కాగితం మీద సంతకం పెట్టి, మే 28న చేరి, ఏడాది పొడుగునా ఉండాలి. పని కోసం ఊళ్లు తిరిగే కార్మికుడికి అది గుదిబండ. కొత్త చట్టం నెలవారీ అద్దె పద్ధతి తెచ్చింది. తెచ్చిన చేత్తోనే ఫ్యాక్టర్లకు ఇంకోటి ఇచ్చింది: అద్దె ఏడు రోజులు ఆలస్యమైతే 48 గంటల నోటీసుతో ఖాళీ చేయించే మార్గం. ఏడాది మధ్యలో అద్దె పెంచడానికి గతంలో కాగితం అడ్డొచ్చేది, ఇప్పుడు ఆ అడ్డు కూడా లేదు. యుద్ధం వచ్చేదాకా ఈ సౌకర్యం ఎంతటిదో ఫ్యాక్టర్లకే పూర్తిగా తెలిసినట్టు లేదు.

యుద్ధం 1914 ఆగస్టులో వచ్చింది. అప్పటికి ప్రపంచంలో తయారయ్యే ఓడల్లో దాదాపు ఐదో వంతు క్లైడ్ నది ఒడ్డునే నీట్లోకి దిగేవి. ఇక యుద్ధనౌకలు, ఫిరంగులు, గుళ్లు. రేవుకీ ఫ్యాక్టరీలకీ హైలాండ్స్ నుంచి, ఐర్లండ్ నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి దాదాపు 20,000 మంది కొత్తగా దిగారు. అంతకు ముందు నగరంలో వేలకొద్దీ ఇళ్లు ఖాళీగా ఉండేవి. నెలల్లో అవి నిండిపోయాయి. కొత్త కట్టడం ఆగిపోయింది. నదికి దక్షిణాన గోవన్, ఎదురొడ్డున పార్టిక్, రెండూ 1912లోనే గ్లాస్గోలో కలిసిన పాత పురపాలికలు, ఓడ కార్మికుల పేటలు. 1915 ఫిబ్రవరిలో అక్కడి ఫ్యాక్టర్లు కొన్నిచోట్ల 25 శాతం దాకా అద్దె పెంచుతున్నట్టు కబురు పెట్టారు. మగవాళ్లు కొందరు ఫ్రాన్స్ కందకాల్లో, మిగతావాళ్లు యార్డుల్లో ఓవర్‌టైమ్‌లో. పగటిపూట తలుపు తట్టితే తీసేది ఆడవాళ్లే.

వాళ్లు అప్పటికే చేతులు కట్టుకొని కూర్చోలేదు. యుద్ధానికి కొన్ని నెలల ముందే, 1914లో, గ్లాస్గో మహిళా గృహ సంఘం మొదలైంది. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ గృహ కమిటీ వెన్నుదన్ను. మేరీ లెయిర్డ్ తొలి అధ్యక్షురాలు. వోటు హక్కు ఉద్యమంలో జైలు చూసొచ్చిన హెలెన్ క్రాఫర్డ్, ఆగ్నెస్ డోలన్, మేరీ బార్బర్ ఇందులో ముందు వరసలో ఉన్నారు. నగర కౌన్సిల్లో వీళ్లకు మాట సాయం జాన్ వీట్లీ. ఐర్లండ్‌లో పుట్టి స్కాట్లండ్ గనుల్లో బొగ్గు తవ్వి పైకొచ్చినవాడు. ట్రామ్‌వేల లాభాలతో నగరమే ఇళ్లు కట్టి ఏడాదికి 8 పౌండ్లకు అద్దెకివ్వాలని 1913 నుంచీ లెక్కలేసి మరీ వాదిస్తున్నాడు. అప్పట్లో అది పగటికలే.

బార్బర్ 1875లో కిల్‌బార్కన్ అనే నేతపల్లెలో తివాచీ నేతగాని ఇంట పుట్టింది. తనూ చిన్నప్పుడే తివాచీల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. 1896లో డేవిడ్ బార్బర్‌ను చేసుకొని గోవన్‌లో కాపురం పెట్టింది. మొదటి బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆమె పెద్ద చదువులు చదివింది లేదు. కాని సహకార దుకాణాల మహిళా గిల్డులో సభ్యురాలు. నెలకో మీటింగ్ పెట్టడం, మినిట్స్ రాయడం, చందా వసూలు చేసి పైసా తేడా లేకుండా లెక్క చెప్పడం ఆ గిల్డు ఆమెలాంటి గృహిణులకు నేర్పింది. విప్లవాల చరిత్రలు రాసేవాళ్లు ఇలాంటి వాటిని పెద్దగా పట్టించుకోరు. కానీ సమ్మె నడిచింది వీటి మీదే.

మొదటి ఘర్షణ గోవన్‌లో జరగలేదు. ఏప్రిల్లో నగరం తూర్పు కొసన షెటిల్‌స్టన్‌లో, ఫ్రాన్స్‌లో పోరాడుతున్న ఒక సైనికుడి కుటుంబాన్ని ఖాళీ చేయించాలని చూశారు. బాకీ ఒక పౌండు కూడా లేదు. వీట్లీ కబురుతో వెయ్యిమంది దాకా ఇంటి ముందు చేరారు. ఖాళీ చేయించడం ఆగిపోయింది, ఫ్యాక్టరు దిష్టిబొమ్మ తగలబడింది. దేశం కోసం భర్త యుద్ధంలో ఉండగా భార్యను వీధిలోకి నెడతారా అన్న ప్రశ్నకు పత్రికల్లోనూ జవాబు లేకపోయింది. ఫ్యాక్టర్లకు తెలివి తక్కువైన రోజు అది.

మే నెలలో దక్షిణ గోవన్ మొత్తంగా సమ్మెలోకి దిగింది. దాని పద్ధతి గమనించదగింది. అద్దె ఎగ్గొట్టమని ఎవరూ చెప్పలేదు. పాత అద్దె పట్టుకెళ్లి ఇస్తారు, పెంచింది మాత్రం ఇవ్వరు. ఫ్యాక్టరు మొత్తం ఇస్తేనే తీసుకుంటానంటే సరే, ఉంచుకోమంటారు. కోర్టులోనూ నలుగురిలోనూ వాళ్లు బాకీదారుల్లా కాక బేరం తప్పని మనుషుల్లా నిలబడ్డారంటే ఈ జాగ్రత్త వల్లే. ప్రతి కిటికీలోనూ అచ్చేసిన ఒకే కాగితం: అద్దె సమ్మె, మేం కదలం. వీధి వీధంతా ఆ కాగితమే కనిపిస్తుంటే పక్కింటావిడకు భయం పోతుంది, కట్టాలనుకున్నావిడకు సిగ్గేస్తుంది. ఈ రెండో సంగతిని అభిమానులు రాయరు గాని, సమ్మె నిలబడటంలో దానిదీ వాటా ఉంది.

మీటింగులు వంటిళ్లలో, మెట్ల మీద, వెనక పెరళ్లలో జరిగేవి. హాలు అద్దె అక్కర్లేదు, పిల్లల్ని ఎవరికీ అప్పగించక్కర్లేదు. ఖాళీ చేయించే రోజు తెలిస్తే క్లోజ్ మొదట్లో ఒకావిడ చేతిగంట పట్టుకొని కూర్చుంటుంది. వంతు ప్రకారం. అమీనాలు మలుపు తిరిగారనగానే గంట మోగుతుంది. గిన్నెలు, గిలకలు, మూతలు, చేతికందింది వాయిస్తూ నాలుగంతస్తుల ఆడవాళ్లు మెట్ల మీదికి వస్తారు. వంట సగంలో ఉన్నది పిండి చేతుల్తో, ఉతుకుతున్నది తడిబట్టతో. ఆ ఇరుకు మెట్ల మీద ముప్ఫైమంది కూర్చుంటే బల్ల ఒకటి కిందికి దింపడానికి దారుండదు. పిండి సంచులు అమీనాల నెత్తిన పగిలేవి, తడిబట్టలు వీపున మోగేవి. ఎవరినీ పెద్దగా గాయపరిచింది లేదు. తెల్లగా పిండి పూసుకొని వీధిలోకి వచ్చిన కోర్టు ఉద్యోగిని చూసి పేటంతా నవ్వేది. మళ్లీ అదే వీధికి రావడానికి అతనికి ఎంత జీతమిస్తే మనసొప్పుతుంది?

హెలెన్ క్రాఫర్డ్ తర్వాత చెప్పిన ఒక ముచ్చట ఫ్యాక్టర్ల తెలివికి, బార్బర్ తెలివికి పోటీ. గోవన్‌లో ఒకావిడకు ఫ్యాక్టరు, మీ మెట్లమీద అందరూ కట్టేశారు, మిగిలింది నువ్వే అని నమ్మబలికి పెంచిన అద్దె కట్టించుకున్నాడు. ఎవరూ కట్టలేదని తర్వాత తెలిసింది. బార్బర్ యార్డుల్లోంచి మగవాళ్లను బయటికి పిలిపించి, ఆ ఆడమనిషిని వెంటబెట్టుకొని ఫ్యాక్టరు ఆఫీసుకెళ్లి, పుచ్చుకున్న సొమ్ము వాపసు ఇమ్మంది. అతను కిటికీలోంచి చూస్తే కింద వీధి నిండా మసి మొహాల ఓడ కార్మికులు. సొమ్ము అప్పటికప్పుడే చేతికొచ్చింది. ఈ దండును బార్బరమ్మ సైన్యం అని తర్వాతి రోజుల్లో కమ్యూనిస్టు నాయకుడు విలియం గాలచర్ తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. పేరు అలా స్థిరపడిపోయింది.

పార్టిక్ వైపు సమ్మె రంగు కొంచెం వేరు. అక్కడ కిటికీల్లో సమ్మె కాగితం పక్కనే బ్రిటిష్ జెండాలు వేలాడేవి. మా మగవాళ్లు జర్మనీలో ఉన్న ప్రష్యన్లతో కొట్లాడుతున్నారు, మేం పార్టిక్‌లో ఉన్న ప్రష్యన్లతో కొట్లాడుతున్నాం అని బోర్డులు రాసి పిల్లల చేత పట్టించారు. యుద్ధమే తప్పన్న క్రాఫర్డ్ లాంటివాళ్లూ, కొడుకు క్షేమంగా గెలిచి రావాలని మొక్కుకున్న తల్లులూ ఒకే మెట్ల మీద కూర్చున్నారు. నాయకులు ఆ తేడాను తవ్వకుండా వదిలేశారు. మరుసటి ఏడాది క్రాఫర్డ్ మహిళా శాంతి ఉద్యమం పెట్టినప్పుడు వీళ్లందరూ వెంట నడవలేదు, ఆమెకు అది ముందే తెలిసి ఉండాలి. కాథలిక్కు ఐరిష్‌వాళ్లకూ ప్రొటెస్టెంట్లకూ పడని ఊరు గ్లాస్గో. అద్దె దగ్గర ఆ గొడవ కూడా కొన్నాళ్లు పక్కకు పోయింది.

అక్టోబరు 7న ఆడవాళ్లు సెయింట్ ఈనాక్ చౌరస్తాలో చేరి నగర కౌన్సిల్ భవనానికి ఊరేగింపుగా వెళ్లారు. పిల్లలు చంకల్లోనే ఉన్నారు. ఆ నెలలోనే ప్రభుత్వం లార్డ్ హంటర్, ప్రొఫెసర్ స్కాట్‌లతో అద్దెల పెంపు మీద ఒక విచారణ సంఘం వేసింది. కాలయాపనకు సర్కార్లు ఎప్పుడూ చేసే పనే. ఈసారి కాలమే ప్రభుత్వానికి కలిసి రాలేదు. బర్మింగ్‌హామ్, నార్తాంప్టన్, బర్కెన్‌హెడ్‌లలోనూ అద్దెదార్లు తిరగబడ్డారు. గ్లాస్గోలో నవంబరుకల్లా దాదాపు 20,000 కుటుంబాలు సమ్మెలో ఉన్నాయి.

మెట్ల మీద ఓడిపోయిన ఫ్యాక్టర్లు దారి మార్చారు. ఖాళీ చేయించడం కుదరదు కాబట్టి చిన్న బాకీల కోర్టులో దావా వేసి, డిక్రీ తెచ్చుకొని, కార్మికుడి జీతంలోంచే పెంచిన అద్దె పట్టుకోవాలన్నది ఎత్తు. జీతాన్ని కాపాడ్డానికి ఏ గంటా పనికిరాదు. కాగితం మీద ఇది మంచి ఎత్తే. పార్టిక్ ఫ్యాక్టరు ఒకతను 18 మంది అద్దెదార్ల మీద దావా వేశాడు. వాళ్లు మందుగుండు పనిలోనూ ఓడల పనిలోనూ ఉన్నవాళ్లు. అలా చేయడంతో, అప్పటిదాకా సానుభూతి చూపించి ఊరుకున్న యార్డుల మగవాళ్లకు తగాదా సొంతమైంది. వంటింటి గొడవ జీతం గొడవగా మారింది.

విచారణ 1915 నవంబరు 17న. ఆ ఉదయం గోవన్, పార్టిక్ పేటల ఆడవాళ్లు గిన్నెలు మోగిస్తూ బయల్దేరారు. దారిలో ఫెయిర్‌ఫీల్డ్ లాంటి యార్డుల్లోంచి వేలమంది పనిముట్లు కింద పెట్టి కలిశారు. యుద్ధకాలంలో మందుగుండు పని ఆపడం నేరం, అయినా ఆపారు. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు అప్పుడే స్కూల్లో ఉద్యోగం పోగొట్టుకున్న పంతులు జాన్ మెక్లేన్‌ను గోవన్‌లో ఆయన బడి నుంచే వెంటబెట్టుకొచ్చారు. కోర్టు చుట్టూ వీధులు కిక్కిరిసిపోయాయి. పదివేలకు తక్కువ కాదని చెబుతారు. యుద్ధం ముగిసేదాకా అద్దెలు పెంచకూడదని శనివారం లోపల ప్రభుత్వం ప్రకటించకపోతే సోమవారం, 22 నుంచి సార్వత్రిక సమ్మె అని తీర్మానం చేసి ప్రధానికి పంపారు.

లోపల షెరిఫ్ కుర్చీలో ఉన్నాడు. స్కాట్లండ్‌లో షెరిఫ్ అంటే జడ్జి. ఒక ప్రతినిధి బృందాన్ని లోపలికి పిలిచి విన్నాడు. మందుగుండు మంత్రి లాయిడ్ జార్జ్‌కు లండన్ ఫోన్ చేసి అడిగాడని గ్లాస్గోలో చెప్పుకుంటారు. ఏమైనా కేసులు నడవలేదు. ఫ్యాక్టరు వాటిని వాపసు తీసుకున్నాడు. ఆ నెలలోనే పార్లమెంటులో బిల్లు వచ్చింది, డిసెంబరు 23న చట్టమైంది.

ఆ చట్టం వివరాలు చూస్తే సర్కారు ఎంత ఆలోచించి వెనక్కి తగ్గిందో తెలుస్తుంది. చిన్న ఇళ్ల అద్దెలను 1914 ఆగస్టు నాటి దగ్గర ఆపేసింది. చిన్న ఇల్లంటే ఏడాది విలువ లండన్‌లో 35 పౌండ్లు, స్కాట్లండ్‌లో 30, మిగతాచోట్ల 26 మించనిది. ఆ అద్దె కడుతున్నంతకాలం ఊరికే ఖాళీ చేయించడానికి వీల్లేదు. అక్కడితో ఆగలేదు. ఆ ఇళ్ల మీద ఓనర్లు తెచ్చిన తనఖా అప్పుల వడ్డీని కూడా ఆపేసింది, అప్పిచ్చినవాళ్లు అసలు తిరిగి కట్టమని ఒత్తిడి చేయకూడదంది. లేకపోతే అప్పులో ఉన్న చిన్న ఓనరు రెండు వైపులా నలిగిపోయేవాడు. ఇలా భారం అద్దెదారు నుంచి ఓనరుకూ, ఓనరు నుంచి వడ్డీ మీద బతికేవాడికీ జరిగింది. పార్లమెంటులో ఓనర్ల గొంతు బలహీనంగా ఉందంటే ఆశ్చర్యం లేదు. అద్దె పెరిగితే కార్మికుడు జీతం పెంచమంటాడని ఓడల కంపెనీలకు తెలుసు, ఆ రోజు వాళ్లకు ఫ్యాక్టరు మిత్రుడు కాడు.

గెలుపు ఎవరిదన్న తగువు ఇంకా తెగలేదు. ఎర్ర క్లైడ్ పేరుతో అక్కడి కార్మిక పోరాటాల కథ చెప్పేవాళ్లు నవంబరు 17 దగ్గర మొదలుపెట్టి మెక్లేన్‌నూ యార్డులనూ ముందు నిలబెడతారు. యుద్ధం లేకపోతే, ఫిరంగి గుళ్ల అవసరం లేకపోతే లండన్ చెవిన పెట్టేదే కాదన్నది నిజమే. కానీ మే నుంచి నవంబరు దాకా ఒక్క ఇల్లు ఖాళీ కాకుండా పట్టుకుంది ఎవరు? యార్డులు పని ఆపింది ఒక్క పూట. మెట్ల కాపలా ఆరు నెలలు. ఆ ఆరు నెలలు కాయకపోతే దావా వేసే అవసరమే ఫ్యాక్టరుకు వచ్చేది కాదు.

యుద్ధం ముగిసిన ఆరు నెలలకు పోవాల్సిన చట్టం పోలేదు. ఒకసారి అద్దె ఆపాక తీసేయడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలలేదు. రూపాలు మారుస్తూ బ్రిటన్‌లో అద్దెల నియంత్రణ 1989 దాకా నడిచింది. ఓనర్లు మరమ్మతులు మానేశారు, అద్దెకివ్వడానికి కొత్త ఇళ్లు కట్టడం లాభం కాదనుకున్నారు. ఆ మాట వాళ్లు దాచుకోలేదు, అబద్ధమూ కాదు. సింగిల్ ఎండ్‌లో చెమ్మ గోడలు సమ్మె గెలిచాక కూడా చెమ్మగానే ఉన్నాయి. ప్రైవేటు ఓనరు కట్టకపోతే ఎవరు కట్టాలన్న ప్రశ్న అలా ప్రభుత్వం నెత్తిన పడింది. 1924లో తొలి లేబర్ ప్రభుత్వంలో మంత్రి అయిన వీట్లీ తన పాత పగటికలను చట్టం చేశాడు. నగరపాలక సంస్థలు అద్దెకిచ్చే ఒక్కో ఇంటికి ఏడాదికి 9 పౌండ్ల చొప్పున 40 ఏళ్లు సబ్సిడీ. ఆ చట్టం కింద అయిదు లక్షల పైచిలుకు ఇళ్లు లేచాయి.

బార్బర్ 1920లో ఫెయిర్‌ఫీల్డ్ వార్డు నుంచి కౌన్సిల్‌కు ఎన్నికైంది. గ్లాస్గో కౌన్సిల్లో అడుగుపెట్టిన తొలి అయిదుగురు ఆడవాళ్లలో ఒకరు. అక్కడ ఆమె అడిగినవి ఉపన్యాసాల్లో మెరిసేవి కావు: స్నానపు గదులు, ఉతుకుడు గదులు, బడి పిల్లలకు పాలు, ఆడుకునే స్థలాలు, పసిపిల్లల ఆరోగ్య కేంద్రాలు. స్కాట్లండ్‌లో మొదటి కుటుంబ నియంత్రణ క్లినిక్ వెనకా ఆమే ఉంది. 1958లో పోయింది. గోవన్ చౌరస్తాలో విగ్రహం పెట్టింది 2018 మార్చి 8న.

అద్దెను ఒక తేదీ దగ్గర కట్టేసే ఈ పద్ధతి ఓడెక్కి త్వరగానే తూర్పుకు వచ్చింది. 1918లో బొంబాయి ప్రభుత్వం చేసిన అద్దె చట్టం పేరులో కూడా యుద్ధకాల నిబంధనలు అనే మాటే ఉంది. అక్కడ కట్టేసిన తేదీ 1916 జనవరి 1. మిల్లుల పేటల్లో చాల్ అనే అద్దె భవనాల ఒంటి గదులు అప్పటికి గ్లాస్గో సింగిల్ ఎండ్‌లకు ఏమీ తీసిపోవు. తెలంగాణ నుంచి వెళ్లి కామాఠీపురాలో స్థిరపడ్డ కామాఠీలు, మిల్లుల్లో మగ్గాలు పట్టిన పద్మశాలీలు ఆ నగరంలో అద్దె జనమే. 1920లో కలకత్తా, రంగూన్‌లకు కూడా చట్టాలొచ్చాయి. రంగూన్ రేవులో బరువులు మోసింది ఎక్కువగా ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు. బొంబాయిలో 1947 చట్టం తేదీని 1940 సెప్టెంబరుకు జరిపి అక్కడ మళ్లీ కట్టేసింది. అద్దెలు నామమాత్రం కావడంతో గది మారాలంటే తాళంచెవికే పెద్ద మొత్తం చెల్లించే పగిడీ పద్ధతి వేళ్లూనుకుంది. చట్టం ఓనరు జేబులోంచి తీసింది పాత అద్దెదారు జేబులోకి చేరడం అలా మొదలైంది.

తెలుగు నేల మీదికి ఈ చట్టం రెండు దారుల్లో వచ్చింది. కోస్తా, సీమలకు మద్రాసు చట్టం, తెలంగాణకు హైదరాబాదు చట్టం. రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం చేశారు. న్యాయమైన అద్దె తేల్చడానికి రెంట్ కంట్రోలరు 1944 ఏప్రిల్ 5కి ముందు పన్నెండు నెలల్లో ఆ చుట్టుపక్కల నడిచిన అద్దెలు చూడాలని అందులో ఉంది. ఓనరు అద్దె పుచ్చుకోకపోతే డిపాజిట్ చేసే వీలు అద్దెదారుకు ఇచ్చింది. ఒక నెల అద్దెకు మించి అడ్వాన్స్ అడగకూడదంది. ఈ నిబంధన సంగతి చెబితే ఇప్పటి అద్దెదార్లు నమ్మరు.

1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలకు చట్టం వర్తించదన్న మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒకప్పుడు కొత్త ఇళ్లు కట్టేవాళ్లకు ప్రోత్సాహంగా పెట్టిన వెసులుబాటు అన్నేళ్లు గడిచాక వివక్షగా మిగిలిందని కోర్టు అన్నది. అదే ఏడాది చివర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా కట్టి పదేళ్లు దాటని భవనాలకు మినహాయింపు ఇచ్చింది, నెలకు వెయ్యి రూపాయలు దాటిన అద్దెలనూ బయట పెట్టింది. 2005 సవరణతో ఆ హద్దు నగరపాలక సంస్థల్లో 3,500 రూపాయలకు, మిగతాచోట్ల 2,000కు మారింది. ఇవాళ హైదరాబాదులో రెండు గదుల వాటా ఆ ధరకు ఎక్కడా దొరకదు కాబట్టి, ఆ హద్దు దాటిన కాపురాలకు రెంట్ కంట్రోలరుతో పని లేదు. వాళ్ల పేచీ సివిల్ కోర్టులో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద నడుస్తుంది. నెలవారీ అద్దె ఇల్లు ఖాళీ చేయమనడానికి ఆ చట్టం అడిగే నోటీసు 15 రోజులు.